లీడ్స్‌లో ఆంకీతో రెండున్నరేళ్లు

ఖమ్మం నుంచి ఇంగ్లండ్‌లోని లీడ్స్ వచ్చి కేర్ హోమ్‌లో, అంటే వృద్ధులను చూసుకునే చోట, పనికి చేరిన రెండో వారం. అక్కడి సీనియర్ ఒకావిడ "సెట్లింగ్ ఇన్ ఓకే?" అని అడిగింది. మన దగ్గర సెటిల్ అవ్వడమంటే ఉద్యోగం, పెళ్లి, సొంతిల్లు. "లేదు, ఇంకా అద్దెకే ఉంటున్నాం" అన్నాను. ఆవిడ అడిగింది ఇక్కడ కుదురుకుంటున్నావా అని. మాటలు గుర్తుండేలా కార్డులు మళ్లీ మళ్లీ చూపించే యాప్ ఆంకీ. ఆ రాత్రే ఫోన్‌లో దాని ఆండ్రాయిడ్ రూపం ఆంకీడ్రాయిడ్ వేసుకున్నాను.

ఆండ్రాయిడ్‌లో ఇది ఉచితం, ఐఫోన్‌కైతే డబ్బు కట్టాలి. కార్డుకు ముందు ప్రశ్న, వెనక జవాబు. ఎంత తేలిగ్గా గుర్తొచ్చిందో బట్టి నాలుగు బటన్లలో ఒకటి నొక్కాలి. బాగా వచ్చిన మాట రోజులు, వారాలు పోయాక కనిపిస్తుంది, మర్చిపోయింది కాసేపట్లోనే తిరిగొస్తుంది.

మొదట ఎవరో చేసిపెట్టిన వేల పదాల కట్ట దించుకున్నాను. రెండు నెలలు చదివినా డ్యూటీలో ఒక్కటీ నోటికి రాలేదు. ముందు 'అడాప్ట్', వెనక 'అనుగుణంగా మారు'. అలా మా ఇంట్లో ఎవరు మాట్లాడతారు? అదంతా తీసేసి, ఆ రోజు చెవిన పడ్డ మాటనే కార్డు చేయడం మొదలుపెట్టాను. 'గెట్ ది హ్యాంగ్ ఆఫ్ ఇట్' వెనక "చెయ్యి తిరగడం. హాయిస్ట్‌తో (మనిషిని ఎత్తే యంత్రం) పెద్దాయన్ని లేపడం నాకు మూడో వారానికి వచ్చింది" అని రాసుకున్నాను. అది ఇప్పటికీ మర్చిపోలేదు.

అన్నిటికంటే ఏడిపించింది 'యూజ్డ్ టు'. "ఐ యూజ్డ్ టు వర్క్ నైట్స్" అంటే ఒకప్పుడు నైట్లు చేసేదాన్ని, ఇప్పుడు లేదు అని. "ఐయామ్ యూజ్డ్ టు వర్కింగ్ నైట్స్" అంటే నైట్లు నాకు అలవాటే అని. రెండోది అనాల్సిన చోట మొదటిది అన్నాను. నెలంతా పగటి డ్యూటీలే పడ్డాయి. ఆ కార్డు ఎనిమిదిసార్లు తప్పాక ఆంకీ దానికి 'లీచ్', అంటే జలగ, అని ముద్ర వేసింది. అప్పుడు దాన్ని రెండు కార్డులుగా విడగొట్టి, ముందువైపు తెలుగు పెట్టి, ఇంగ్లిష్ పైకి అనడం మొదలుపెట్టాకే నాలుక తిరిగింది.

చెవికి మాత్రం ఆంకీ సాయం తక్కువే. ఈ ఉత్తరాది ఊళ్లలో 'టీ' అంటే సాయంత్రం భోజనం కూడా. కార్డులో అది తెలిసినా, గబగబా అడిగితే అందడానికి మనుషుల మధ్యే తిరగాలి.

సంక్రాంతికి ఇంటికెళ్లి మూడు వారాలు తెరవకపోతే కార్డులు గుట్టపడ్డాయి. కొత్త కార్డులు రోజుకు 20 అని ముందే పెట్టి ఉంటుంది, పన్నెండు గంటల డ్యూటీ చేసేవాళ్లకు అది చాలా ఎక్కువ. నేను 5కు తగ్గించుకున్నాను.