జాగ్రత్త: న్యారోబోట్ వీడ్ హ్యాచ్‌ను "చేతికి అందేలా చేసిస్తాం" అంటే ఒప్పుకునే ముందు ఇది చదవండి

ఇంగ్లండ్‌లో న్యారోబోట్ (కాలువల్లో తిరిగే సన్నని, పొడవాటి పడవ) కొన్నవాళ్లకీ, కొనే ఆలోచనలో ఉన్నవాళ్లకీ ఈ హెచ్చరిక. ప్రొపెల్లర్‌కి చుట్టుకున్న చెత్త తీయడం తేలికవుతుందని చెప్పి ఎవరైనా మీ వీడ్ హ్యాచ్ (ప్రొపెల్లర్‌ను అందుకోవడానికి చెయ్యి పెట్టే పెట్టె) అంచును కోసి పొట్టి చేస్తామంటే ఒప్పుకోకండి. ఇదివరకే అలా కోసి ఉన్న పడవను అమ్మకానికి పెడితే, దాన్ని సరిచేసేదాకా డబ్బు కట్టకండి. మా పడవకి ఒక యార్డు, అంటే పడవలు బాగుచేసే చోటు, ఇదే పని చేసి డబ్బు పుచ్చుకుంది. దాని పేరు ఇక్కడ రాయను, వ్యవహారం ఇంకా నడుస్తోంది. కానీ వాళ్లు చేసిన పని ఎలాంటిదో మీకు తెలియాలి, ఎందుకంటే ఇది పైకి చూస్తే మంచి పనిలాగే కనిపిస్తుంది.

కొత్తవాళ్ల కోసం ముందు కాస్త వివరం. న్యారోబోట్ వెనక భాగంలో, ప్రొపెల్లర్‌కి సరిగ్గా పైన, పడవ అడుగు నుంచి ఇంజిన్ గదిలోకి నిలువుగా లేచిన ఉక్కు పెట్టె ఒకటి ఉంటుంది. దానికి కింద అడుగు ఉండదు, నేరుగా కాలువ నీళ్లే. పైన మూత, మూత కింద రబ్బరు గాస్కెట్, గట్టిగా బిగించడానికి క్లాంపు. ఇదే వీడ్ హ్యాచ్. ప్రొపెల్లర్‌కి ఏదైనా చుట్టుకుంటే ఇంజిన్ ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకుని, మూత విప్పి, బోర్లా పడుకుని చెయ్యి లోపలికి పెట్టి కోసుకోవాలి. మూత తీసినప్పుడు పెట్టె లోపల నీటిమట్టం, బయట కాలువ నీటిమట్టం ఒక్కటే. బావికి వర ఎందుకో ఈ అంచూ అందుకే. అది నీటికి ఎంత ఎత్తున ఉంటే పడవకి అంత రక్ష.

మూత కింద వేలాడే పలక ఒకటి ఉంటుంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. మూత బిగించినప్పుడు అది పడవ అడుగు రేకుతో సమంగా కూర్చుని, ప్రొపెల్లర్ చిలికే నీళ్లు పెట్టెలోకి ఎగదన్నకుండా ఆపుతుంది. ముఖ్యంగా రివర్స్ గేర్‌లో నీళ్లు ఎంత బలంగా పైకి తోస్తాయో చూసినవాళ్లకే తెలుస్తుంది.

మేము ఉండేది పడమటి లండన్ వైపు, గ్రాండ్ యూనియన్ కాలువ మీద. బుల్స్ బ్రిడ్జ్ నుంచి లిటిల్ వెనిస్ దాకా పోయే ప్యాడింగ్టన్ ఆర్మ్ సుమారు పదమూడున్నర మైళ్లు, ఒక్క లాక్ (నీటిమట్టం మారే చోట పడవను ఎక్కించి దించే గేట్ల తొట్టి) కూడా లేదు, హాయిగా నడుపుకోవచ్చు. కానీ సౌతాల్, గ్రీన్‌ఫర్డ్, ఆల్పర్టన్ మీదుగా పోతుంది కాబట్టి నీళ్లలో ప్లాస్టిక్ సంచులు, తాళ్లు, వైర్లు, పరుపు స్ప్రింగులు అన్నీ ఉంటాయి. మనవాళ్లు పూజ చేసి వదిలే కొబ్బరికాయలు కూడా తేలుతూ కనిపిస్తాయి. కొబ్బరికాయ కంటికి కనబడుతుంది కాబట్టి తప్పించుకోవచ్చు. బట్ట కనబడదు. ఒకసారి మా ప్రొపెల్లర్‌కి జరీ అంచు చీర చుట్టుకుంది. దాన్ని తిప్పే షాఫ్ట్ మీద మోకులా పేనుకుని బిగిసింది. రాపిడికి సింథటిక్ పోగులు కరిగి, గట్టి ప్లాస్టిక్ తొడుగులా పట్టేశాయి. రొట్టె కోసే పళ్ల కత్తితో పొర తర్వాత పొర కోసుకుంటూ వస్తే చివర్లో బయటపడింది జరీ. ఎవరి ఇంటి చీరో, ఎవరి పేరున వదిలారో. దయచేసి కాలువలో బట్టలు వదలకండి, చేతులు జోడించి అడుగుతున్నాను.

ఆ చీర తర్వాతే వీడ్ హ్యాచ్‌కి దారి కాస్త బాగుచేయించాలనుకున్నాం. మాది క్రూయిజర్ స్టెర్న్, అంటే వెనక డెక్ విశాలంగా ఉండి ఇంజిన్ దాని కిందే ఉండే రకం. డెక్ మీద బరువైన పలకలు రెండు ఎత్తి పక్కన పెట్టాలి, ఇంజిన్ పక్కనుంచి వెనక్కి వంగాలి, ఎగ్జాస్ట్ గొట్టం మోచేతికి అడ్డం వస్తుంది, పెట్టె లోతు వల్ల షాఫ్ట్ వేలికొసలకే అందుతుంది. చలికాలంలో ఆ నీళ్లలో చెయ్యి పెట్టి అలా తడుముకోవడం నరకం. యార్డు మనిషి వచ్చి చూసి, "పెట్టెను కాస్త పొట్టి చేసి కొత్త మూత పెడతాం, చెయ్యి హాయిగా అందుతుంది" అన్నాడు. నీటిమట్టం సంగతి అడిగితే లెక్క చూసుకునే చేస్తామని, రోజూ చేసే పనేనని భరోసా ఇచ్చాడు.

పని అయ్యాక యార్డు గట్టునే కట్టి, ఇంజిన్ మెల్లగా ముందుకు తిప్పి చూపించారు. చుక్క నీరు రాలేదు. అప్పుడు పడవ ఎలా ఉందో గమనించండి. ముందువైపు మంచినీళ్ల ట్యాంకు నిండుగా ఉంది, వెనకవైపు డీజిల్ ట్యాంకు దాదాపు ఖాళీ. అంటే ముక్కు కిందికి, తోక పైకి. పడవ నిత్యం అలా ఉండదు. డీజిల్ నింపుకుంటాం, మంచినీళ్లు వాడుకుంటూ పోతాం, చుట్టాలొస్తే నలుగురూ వెనక డెక్ మీదే నిలబడతారు. ఒక్కొక్క దానికీ తోక కొంచెం కొంచెం కిందికి దిగుతుంది. వేగం పెంచితే ఇంకొంచెం దిగుతుంది.

సరిగ్గా ఇవన్నీ కలిసిన రోజున, ఒక వంతెన మలుపులో ఎదురుగా పడవ వస్తే గట్టిగా రివర్స్ కొట్టాల్సి వచ్చింది. తర్వాత మా ఆవిడే ముందు గమనించింది, పడవ అడుగున చేరిన నీళ్లు తోడే బిల్జ్ పంపు గొట్టం ఆగకుండా నీళ్లు కక్కుతోందని. ఇంజిన్ ఆపి, ఒడ్డుకి కట్టి, డెక్ పలకలు ఎత్తాం. ఇంజిన్ కింద నీళ్లు ఫ్లైవీల్ (ఇంజిన్‌తో తిరిగే బరువైన చక్రం) దాకా వచ్చేశాయి. కొత్త మూత చుట్టూ తడి గీత, ఒక మూల నుంచి సన్నటి ధార. ఇంజిన్ ఆగాక ధార ఆగింది కాబట్టి బతికిపోయాం. రాత్రి పడవ కట్టేసి ఊరెళ్లినప్పుడు ఆ మూత వదులైతే? బ్యాటరీ ఉన్నంతసేపే పంపు. ఆ తర్వాత ఆపేవాళ్లు ఎవరూ లేరు.

పడవలు తనిఖీ చేసే ఒక సర్వేయర్‌ను పిలిచి చూపించాం. ఆయన మూత విప్పి టేపు పెట్టారు. నీటిమట్టానికీ అంచుకీ మధ్య రెండు వేళ్ల ఎడం. ఈ రంగంలో మామూలుగా చెప్పే లెక్క కనీసం 6 అంగుళాలు, అంటే దాదాపు 150 మిల్లీమీటర్లు. కోసిన అంచు మీద గ్రైండర్ గాట్లు అలాగే ఉన్నాయి, ఎత్తుపల్లాలుగా, పైన నల్లరంగు పూసేశారు. గాస్కెట్ అని పెట్టింది అసలు గాస్కెట్ కాదు. చలిగాలి రాకుండా తలుపులకి అంటించుకునే స్పాంజి పట్టీ. నాలుగో మూలలో దాని రెండు కొసలూ కలవలేదు, చిటికెనవేలు పట్టే సందు. ధార వచ్చింది అక్కడి నుంచే. మూత కింది పలకను పొట్టి పెట్టెలో పట్టదని తీసేసి పారేశారు, ఆ మాట మాకు చెప్పను కూడా లేదు. అన్నిటికంటే నాకు కోపం తెప్పించింది అదే.

యార్డు వాళ్ల జవాబు: "మీకు బోట్ సేఫ్టీ సర్టిఫికెట్ ఉంది కదా." ఇక్కడ చాలామంది పొరబడతారు, కొనేటప్పుడు కూడా. ఇక్కడి కాలువలు చూసుకునే కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ ఇచ్చే లైసెన్సుకి ఇన్సూరెన్సుతో పాటు ఆ సర్టిఫికెట్ కావాలి, నాలుగేళ్లకోసారి పరీక్ష. ఆ పరీక్ష ప్రధానంగా మంటలు, పేలుళ్లు, కాలుష్యం వంటి ప్రమాదాల గురించి. పడవ అడుగు గట్టిదా, కొనదగ్గదా అని అది చెప్పదు. పైగా మాది ఈ పనికి ముందు తీసుకున్నది. పడవ సంగతి తెలియాలంటే నీళ్లలోంచి బయటికి తీయించి, మీరు డబ్బిచ్చి పెట్టుకున్న సర్వేయరే చూడాలి. బ్రోకర్ చెప్పిన సర్వేయర్ కాదు.

సెకండ్ హ్యాండ్ పడవ చూడ్డానికి వెళ్తే వంటగది టైల్స్, కట్టెల పొయ్యి, సోలార్ పలకలు చూసి మురిసిపోయే ముందు డెక్ పలక ఎత్తమనండి. ఇంజిన్ ఆపి ఉండగా వీడ్ హ్యాచ్ మూత మీరే విప్పండి. మీకు విప్పరాకపోతే రేపు వానలో, చీకట్లో కూడా విప్పరాదు. టేపుతో నీటి నుంచి అంచు దాకా కొలవండి, డీజిల్ ఎంతుందో కూడా అడగండి. ట్యాంకు ఖాళీగా ఉంటే ఆ కొలతకి విలువ లేదు. అంచు మీద కొత్త వెల్డింగ్, గ్రైండర్ గుర్తులు ఉన్నాయేమో వేలితో తడిమి చూడండి. మూత కింద పలక ఉందో లేదో చూడండి. తర్వాత మూత బిగించి, తాళ్లు గట్టిగా కట్టి ఉండగా గేర్ వేయించండి, ముందుకీ, ముఖ్యంగా వెనక్కీ. ఆ సేపంతా టార్చి మూత చుట్టూనే తిప్పండి. ఓనరు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. బ్రోకర్ ద్వారా కొన్నా సాధారణంగా అమ్మేది ప్రైవేటు మనిషే కాబట్టి, కొన్నాక దుకాణం మీద పడ్డట్టు పడటానికి ఉండదు.

మరి దారి బాగుచేసుకోవడం ఎలా అంటే, అంచు కింద కాదు, అంచు పైన ఉన్నదంతా మార్చుకోండి. ఇప్పుడు మేము చేయిస్తున్నది అదే. హ్యాచ్ పైన ఉన్న డెక్ పలకలో ఆ మేరకు కోసి కీలు తలుపు పెట్టడం, అడ్డం వచ్చే గొట్టాన్ని పక్కకి తిప్పడం, మోకాళ్లు ఆన్చుకోవడానికి మెత్త వేసిన పలక, పెట్టె లోపల వెలుగు పడేలా దీపం, పాత లోతుకి తగ్గ పొడుగు పిడి రంపం. షాఫ్ట్ మీద తాళ్లు కోసే బ్లేడు బిగించుకోవచ్చు, కానీ అది డ్రై డాక్‌లో, అంటే పడవ కింది నీళ్లు తీసేసే చోట, చేసే పని, పైగా ఆ తర్వాత చెయ్యి పెట్టేటప్పుడు మీ వేళ్లకీ అదే పదును. చేతి మీద గాయం ఉంటే మాత్రం గ్లవ్స్ లేకుండా ఆ నీళ్లలో పెట్టొద్దు, ఎలుకల వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ ఇక్కడి కాలువల్లో నిజమైన ముప్పు.

ఇంజిన్ గదిలోకి వచ్చిన నీళ్లలో నూనె కలిసి ఉంటే పంపుతో కాలువలోకి తోడొద్దు, అది నేరం. మాకు ఆ నీళ్లు డబ్బాల్లోకి తోడి పారబోయించడానికే బోలెడంత తంటా అయింది.

యార్డుకి సర్వేయర్ రిపోర్టు, ఫోటోలు జతచేసి ఉత్తరం రాశాం. 2015 నాటి కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ ప్రకారం డబ్బు తీసుకుని చేసే పని తగిన శ్రద్ధతో, నేర్పుతో చేయాలి. చేయకపోతే మళ్లీ చేయమనో, డబ్బు తగ్గించమనో అడిగే హక్కు మనకి ఉంది. సగం వెనక్కిస్తాం, మాట్లాడకండి అన్నారు. ఒప్పుకోలేదు. ఇంగ్లండ్‌లో 10,000 పౌండ్ల దాకా స్మాల్ క్లెయిమ్స్ (చిన్న మొత్తాల దావాలు) కింద కోర్టుకి వెళ్లొచ్చు, అవసరమైతే వెళ్తాం. మీరు కూడా ఏ పని చేయించినా ముందే కాగితం మీద రాయించుకోండి: అంచు ఎత్తు ఇంత, పని తర్వాత కూడా ఇంతే అని. పని మొదలవకముందు, అయ్యాక టేపు పెట్టి ఫోటో తీసుకోండి. ఆ రెండు ఫోటోలు మా దగ్గర ఉండబట్టే ఇవాళ వాళ్లు కాదనలేకపోతున్నారు.

మీ వీడ్ హ్యాచ్ మీద ఎవరైనా ఇలాంటి పని చేసి ఉంటే ఈ వారాంతం దాకా ఆగొద్దు. ఇవాళే పలక ఎత్తి కొలవండి. ఎడం తక్కువగా కనిపిస్తే, సర్వేయర్ చూసేదాకా ఇంజిన్ గేర్‌లో వేయకండి, పడవను ఒంటరిగా వదిలి వెళ్లకండి.