మలబద్ధకానికి విటమిన్ సి: రెండేళ్ల వాడకం తర్వాత

రక్తహీనతకు ఐరన్ మాత్రలు మొదలుపెట్టినప్పటి నుంచి నన్ను పట్టుకున్న మలబద్ధకానికి, మధ్యమధ్య విరామాలతో, రెండేళ్లకు పైగా విటమిన్ సి వాడుతున్నాను. డాక్టరు దాన్ని మొదట రాసింది ఇందుకోసం కాదు. ఐరన్ ఒంటికి బాగా పట్టడానికి తోడుగా ఉంటుందని రోజుకు 500 మిల్లీగ్రాముల నమిలే మాత్ర ఒకటి ఇచ్చారు. ఆ మోతాదుతో విరేచనం విషయంలో నాకు ఏ మార్పూ కనిపించలేదు. మార్పు వచ్చింది డాక్టరును అడిగి మోతాదు పెంచిన తర్వాతే. ఈ సమీక్ష అంతా ఆ పెద్ద మోతాదు గురించే.

విటమిన్ సి పేగులను కదిలించే మందు కాదు. చిన్న పేగు దాన్ని ఒక పరిమితి వరకే లోపలికి తీసుకోగలదు. మనం ఆహారంలో తీసుకునే కొద్దిపాటి విటమిన్‌లో 70 నుంచి 90 శాతం దాకా రక్తంలోకి చేరుతుంది గాని, మోతాదు ఒక గ్రాము దాటితే సగం కూడా చేరదు. మిగిలినది పెద్ద పేగులోకి జారి, అక్కడ నీటిని పట్టి ఉంచి, మలాన్ని మెత్తబరుస్తుంది. కొలనోస్కోపీకి (పెద్ద పేగు లోపలిని కెమెరాతో చూసే పరీక్షకు) ముందు పేగు శుభ్రం చేయడానికి ఇచ్చే కొన్ని ద్రావణాలలో పాలిథిలీన్ గ్లైకాల్ అనే విరేచనకారితో పాటు లీటరుకు పది గ్రాముల దాకా ఆస్కార్బిక్ ఆమ్లం (విటమిన్ సి రసాయన నామం ఇదే), సోడియం ఆస్కార్బేట్ (దాని సోడియం లవణం) కలిపేదీ ఈ గుణం కోసమే. దానివల్ల రోగి తాగవలసిన ద్రావణం నాలుగు లీటర్ల నుంచి రెండు లీటర్లకు తగ్గింది. కనుక ఇది పనిచేస్తుందా అన్న ప్రశ్న నాకు పెద్దగా లేదు. ఎంత మోతాదులో, ఎంత ఇబ్బందితో పనిచేస్తుందన్నదే తేల్చుకోవలసి వచ్చింది.

పైన చెప్పిన కారణం వల్లనే, ఒకే మోతాదును విడదీసి తీసుకోవడం ఇక్కడ పనికిరాదు. జలుబు చేసినప్పుడు మాత్రను ఉదయం ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటే ఎక్కువ భాగం రక్తంలోకి పోతుంది. మలబద్ధకానికి కావలసింది దానికి సరిగ్గా విరుద్ధం. ఒక గ్రామును ఒకేసారి, పరగడుపున, రెండు గ్లాసుల నీటితో తీసుకున్న రోజుల్లో నాకు మధ్యాహ్నంలోగా సుఖంగా విరేచనం అయ్యేది. అంతకన్నా తగ్గితే ఫలితం నమ్మకంగా ఉండేది కాదు. రెండు గ్రాముల దగ్గర మాత్రం నీళ్ల విరేచనాలు, పొట్ట ఉబ్బరం, పేగుల్లో గడగడ, బయట పని పెట్టుకోలేనంత గ్యాస్. పెద్దలకు రోజుకు 2000 మిల్లీగ్రాములు మించరాదని అమెరికాలో 2000 సంవత్సరంలో హద్దు పెట్టింది కూడా ప్రధానంగా ఈ విరేచనాల ఆధారంగానే. మేలు చేసే మోతాదుకూ బాధపెట్టే మోతాదుకూ మధ్య ఎడం ఇంత తక్కువ ఉండటమే ఈ పద్ధతిలో నాకు నచ్చని మొదటి విషయం. ఆ ఎడం కూడా స్థిరంగా ఉండదు: జలుబు, జ్వరం ఉన్న రోజుల్లో అదే గ్రాముకు నాకు ఏమీ అయ్యేది కాదు.

ఏ రూపంలో తీసుకోవాలన్నదీ ఆలోచించవలసినదే. నారింజ రుచితో ఉండే నమిలే మాత్రలు చవక, ఏ మందుల షాపులోనైనా దొరుకుతాయి; కానీ వాటిని రోజూ నములుతుంటే ఆ పులుపుకు పంటి ఎనామిల్ అరుగుతుంది, నాకు పళ్లు జివ్వుమనడం మొదలైంది. వాటిలో కొన్నింటిలో చాలా భాగం సోడియం ఆస్కార్బేట్ ఉంటుంది, నీటిలో వేస్తే పొంగే మాత్రల్లో సోడియం ఇంకా ఎక్కువ. బీపీ ఉన్నవారు డబ్బా వెనుక చదివిగాని కొనకూడదు. నేను చివరికి ఉత్త ఆస్కార్బిక్ ఆమ్లం పొడికి మారాను. పుల్లగా ఉన్నా నీటిలో కలిపి తాగేసి నోరు పుక్కిలించుకోవచ్చు, మోతాదును కొంచెం కొంచెంగా సరిచేసుకోవచ్చు. అసిడిటీ ఉన్నవారికి మాత్రం పరగడుపున ఇది మంట పుట్టిస్తుంది.

ఇసబ్గోల్‌తో పోలిస్తే? రోజువారీ వాడకానికి ఇసబ్గోలే మేలని నా నిర్ణయం. అది రెండు మూడు రోజులు ఆగి పనిచేస్తుంది గాని, పనిచేయడం మొదలుపెట్టాక పేచీ పెట్టదు. విటమిన్ సి త్వరగా తేల్చేస్తుంది, మానేసిన మర్నాడే పాత స్థితికి తెస్తుంది. ఇక జామపండు సంగతి వేరు: వంద గ్రాముల్లో 200 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉన్నా, అది విరేచనానికి సాయపడేది తన పీచుతోనే. భారతీయ వైద్య పరిశోధనా మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సూచించిన రోజువారీ అవసరం పురుషులకు 80, స్త్రీలకు 65 మిల్లీగ్రాములే. ఒక జామకాయతో తీరిపోయే అవసరం అది. గ్రాముల లెక్కన తీసుకుంటున్నప్పుడు మనం వాడుతున్నది పోషకం కాదు, విరేచనకారి మందు.

అందుకే ఇప్పుడు నేను దీన్ని ప్రయాణాల్లోనో, ఇసబ్గోల్ చాలని రోజుల్లోనో మాత్రమే, ఒక గ్రాముకు మించకుండా తీసుకుంటున్నాను. ఒంట్లో మిగులు విటమిన్ సి కొంత, కిడ్నీ రాళ్లకు మూలమయ్యే ఆక్సలేట్‌గా మారి మూత్రంలోకి వస్తుంది. స్వీడన్‌లో పురుషులపై జరిగి 2013లో వెలువడిన అధ్యయనంలో విటమిన్ సి మాత్రలు వాడేవారిలో కిడ్నీ రాళ్లు సుమారు రెట్టింపుగా కనిపించాయి. ఒకసారి రాళ్లు వచ్చినవారు, కిడ్నీ జబ్బు ఉన్నవారు, జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైము) లోపం ఉన్నవారు, తలసీమియా వంటి కారణాలతో ఒంట్లో ఇనుము పేరుకున్నవారు ఈ దారికి రాకపోవడమే మంచిది. వయసు మళ్లాక కొత్తగా మలబద్ధకం మొదలైతే డాక్టరు మలంలో కంటికి కనిపించని రక్తం కోసం పరీక్ష రాయవచ్చు. ఆ పరీక్షల్లో గ్వాయాక్ రకానికి (రంగు మార్పును బట్టి రక్తాన్ని పసిగట్టే పరీక్షకు) విటమిన్ సి అడ్డు తగిలి, రక్తం ఉన్నా లేనట్టు చూపించే అవకాశం ఉంది కాబట్టి, మూడు రోజుల ముందే మాత్రలు ఆపి, వాడుతున్న సంగతి ల్యాబులో కూడా చెప్పాలి.