రేకీ చేయించుకుంటూ, చేస్తూ: చాలా ఏళ్ల తర్వాత ఒక సమీక్ష

రేకీ అంటే అరచేతులు ఆనించి ఒంట్లోకి శక్తిని పంపుతామని చెప్పే జపాన్ పద్ధతి. దాని గురించి రాసేవాళ్లు ఎక్కువగా రెండే రకాలు. మొదటి సెషన్ అయిన ఉత్సాహంలో ఐదు స్టార్లు వేసేసేవాళ్లు, ఒక్కసారీ పడుకుని చూడకుండానే బూటకమని తేల్చేసేవాళ్లు. నేను చాలా ఏళ్లుగా చేయించుకుంటున్నాను. సెకండ్ డిగ్రీ (రేకీలో రెండో మెట్టు) దాకా నేర్చుకుని ఇంట్లోవాళ్లకీ, అడిగిన స్నేహితులకీ చేస్తున్నాను కూడా. ముందే చెప్పేస్తున్నా: విశ్రాంతిగా దీనికి మంచి మార్కులే వేస్తాను, వైద్యంగా సున్నా. అయితే అదే సెషన్ ఒకరికి హాయిగా, ఇంకొకరికి చేదుగా మిగలడం చూశాను. చాలాసార్లు ఆ తేడా చేతుల్లో ఉండదు. పడుకున్నవాళ్లు ఏం ఆశించి వచ్చారు, చేసేవాళ్లు తమను తాము ఏమనుకుంటున్నారు అన్నదాంట్లో ఉంటుంది.

సెషన్ ఎలా ఉంటుందో తెలియనివాళ్ల కోసం చెబుతాను. వేసుకున్న బట్టలతోనే వెల్లకిలా పడుకుంటాం. చేసేవాళ్లు తల దగ్గర కూర్చుని రెండు అరచేతులూ కళ్ల మీదికి తెస్తారు, ఆనీ ఆననట్టు. అలా మూడు నుంచి ఐదు నిమిషాలు. తర్వాత కణతలు, తల వెనక, గొంతు, ఛాతీ పైభాగం, పొట్ట, మోకాళ్లు, చివరికి పాదాలు. నొక్కడం, రుద్దడం ఏమీ ఉండవు. మొదట కాసేపు చెయ్యాల్సిన పనులన్నీ బుర్రలో తిరుగుతూనే ఉంటాయి. చేతులు పొట్ట దగ్గరికి వచ్చేసరికి నా కడుపు గుడగుడమంటుంది, పక్కవాళ్లకి వినపడేంతగా. మొదట్లో సిగ్గేసేది. చేసేవాళ్లకి మాత్రం అది మంచి కబురు, మనిషి వదులయ్యాడని గుర్తు. ఆ తర్వాత నిద్రా కాదు, మెలకువా కాదు. నోటి పక్కన చొంగ కారినా తెలియదు. లేచాక కాసేపు మాట నెమ్మదిస్తుంది, ఆ రాత్రి నిద్ర బాగా పడుతుంది. ఇన్నేళ్లలో నాకు నిలకడగా దొరికింది ఇదే. మెడనొప్పి తగ్గిన రోజులున్నాయి, తగ్గని రోజులూ ఉన్నాయి. తగ్గిన రోజుల్ని మాత్రం ఏరి రేకీ ఖాతాలో వెయ్యను.

మధ్యలో కొంతకాలం ప్రాణిక్ హీలింగ్ కూడా చూశాను. ఫిలిప్పీన్స్‌కు చెందిన చోవా కోక్ సుయ్ 1980లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి అది. అక్కడ అసలు ముట్టుకోరు. కుర్చీలో కూర్చోబెట్టి, ఒంటికి కాస్త ఎడంగా చేతులు కదిపి స్కానింగ్ చేస్తారు. ఆ తర్వాత మురికి ఊడ్చినట్టు ఊడ్చి, చేతులు ఉప్పునీళ్ల గిన్నె వైపు విదిలిస్తారు. ఎవరైనా ముట్టుకుంటే బిగుసుకుపోయేవాళ్లకి ఇదే నయం. నాకు మాత్రం చెయ్యి ఆనితేనే ఒళ్లు వదులవుతుంది, అందుకే మళ్లీ రేకీకి వచ్చేశాను.

ఇక ఆశల సంగతి. నేను చేసిన సెషన్ల తర్వాత ఎక్కువగా విన్న ప్రశ్న "నొప్పి తగ్గుతుందా?" కాదు. "ఏం కనిపించిందండీ నాలో?" "ఏమీ కనిపించలేదండీ, మీ ఊపిరి నెమ్మదించింది, అంతే" అంటే మొహం చిన్నబోతుంది. వాళ్లు హీలింగ్‌కి కాదు, జాతకం చెప్పించుకోవడానికి వచ్చినట్టు! సరిగ్గా ఇక్కడే చేసేవాళ్ల నాలుక జారుతుంది. "మీ గుండె చక్రం దగ్గర బ్లాక్ ఉంది" అని, అంటే ఛాతీలోని శక్తి కేంద్రం మూసుకుపోయిందని, ఒక మాట పడేస్తే ఎదుటివాళ్లకి సంతృప్తి, మనకి గొప్ప. కానీ ఇంటికెళ్లాక ఆ మనిషికి రోజుల తరబడి అదే టెన్షన్. తెలియనిది చెప్పకపోవడం అన్నిటికంటే కష్టమైన క్రమశిక్షణ. మాటలు చెప్పని హీలర్ దగ్గరికే నేను మళ్లీ మళ్లీ వెళ్తాను.

చేతుల్లో వేడి, జివ్వుమనడం నాకూ తెలుస్తాయి. అవి నిజమైన అనుభూతులే, కానీ ఎదుటి మనిషి ఒంట్లో సంగతిని అవి చెబుతున్నాయనడం వేరే విషయం. ఎమిలీ రోజా అనే అమెరికన్ బాలిక బడి ప్రాజెక్టుగా మొదలుపెట్టిన ప్రయోగం 1998లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చింది. థెరప్యూటిక్ టచ్ అనే ఇలాంటి పద్ధతి చేసే 21 మంది, అడ్డుతెర వెనక నుంచి చేతులు చాపారు. ఆ అమ్మాయి తన చేతిని వాళ్ల ఏ చేతి మీద పట్టిందో చెప్పాలి. 280 సార్లు అడిగితే 44 శాతమే సరిగ్గా చెప్పారు. కళ్లు మూసుకుని ఊహించినా సగం రావాలి కదా. ఇది చదివాక నాకు చేతుల్లో వేడి తెలియడం ఆగలేదు. దాన్ని ఎదుటివాళ్లకి వార్తగా చేరవేయడం మాత్రం నా పద్ధతిలో లేదు.

మరి ఆ హాయి ఎక్కడిది అంటే, నాకు బాగా నచ్చిన జవాబు రేకీతో సంబంధం లేని ఒక అధ్యయనంలో దొరికింది. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది అది. పేగుల సమస్య ఐబీఎస్ ఉన్న 262 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుని ఊరికే వేచి ఉండమన్నారు. రెండో గుంపుకి ఉత్తుత్తి ఆక్యుపంక్చర్ చేశారు, పెద్దగా మాటల్లేకుండా. మూడో గుంపుకి అదే ఉత్తుత్తిది, కానీ ఆప్యాయంగా కూర్చుని, విని, భరోసా ఇచ్చి చేశారు. మూడు వారాలకి తగినంత ఉపశమనం ఉందన్నవాళ్లు వరసగా 28, 44, 62 శాతం. ఒక మనిషి ఫోను పక్కన పడేసి గంటసేపు మన మీదే దృష్టి పెట్టడం ఈ రోజుల్లో ఇంట్లో కూడా దొరకదు. ఆ గంటని నేను తక్కువ చెయ్యను. కానీ అదే ఏడాది ఫైబ్రోమయాల్జియా (ఒళ్లంతా నొప్పులుండే జబ్బు) ఉన్న 100 మందితో జరిగిన పరీక్షలో నిజం రేకీ, నటించిన రేకీ కంటే ఏమీ ఎక్కువ చెయ్యలేదు. ఈ రెండూ ఎరిగి పడుకునేవాళ్లకి నిరాశ ఉండదు.

ఈ విషయంలో రేకీ మూలపురుషుడు మికావో ఉసుయి మాటలే చూడండి. 1922లో జపాన్‌లోని కురామా కొండ మీద ఉపవాసంతో ధ్యానం చేశాక ఆయనకి ఈ విద్య అబ్బిందని చెబుతారు. ఆయన బోధించిన ఐదు నియమాల్లో ఎక్కడా చేతుల ప్రస్తావన లేదు, శక్తి ప్రస్తావన లేదు. ఈ ఒక్కరోజుకి కోపం వద్దు, చింత వద్దు, కృతజ్ఞతగా ఉండు, నీ పని శ్రద్ధగా చెయ్యి, అందరితో దయగా ఉండు. అంతే. ఒక్కరోజుకే అడగడం నాకు ఇష్టం. జీవితాంతం కోపం మానుకోమంటే మొదటి గంటలోనే ఓడిపోతాం.

చేసేవాళ్లకి నేర్పేది "శక్తి నీది కాదు, నీ గుండా పోతుంది" అని. అది భౌతికంగా నిజమా అన్నది నాకు ముఖ్యం కాదు, వైఖరిగా దానికి తిరుగులేదు. ఈమెని నేనే బాగుచెయ్యాలి అని కూర్చున్న రోజున నా భుజాలు బిగుస్తాయి, వేళ్లు తెలియకుండానే నొక్కుతాయి, మాటిమాటికీ ఆవిడ మొహం వైపు చూస్తుంటాను. పడుకున్నవాళ్లకి అది తెలిసిపోతుంది, బాగున్నట్టు కనిపించాలన్న బాధ్యత వాళ్ల నెత్తిన పడుతుంది. నేనేమీ ఆశించకుండా కూర్చుంటే వాళ్లకీ ఏమీ నటించాల్సిన పని ఉండదు.

నాకు బాగా కోపం తెప్పించిన అనుభవం ఒకటుంది. పేరు చెప్పను. ఒక హీలర్ దగ్గర వరసగా సెషన్లు చేయించుకున్నాను. మొదటిదాని తర్వాత తలనొప్పి వస్తే "విషాలు బయటికి పోతున్నాయి, మంచిదే" అన్నారు. తర్వాత ఏమీ అనిపించకపోతే "లోపల సూక్ష్మంగా పనిచేస్తోంది" అన్నారు. చివరికి ఏ మార్పూ లేదంటే "మీరు స్వీకరించడం లేదు, లోపల అడ్డుకుంటున్నారు" అని తేల్చారు. అంటే నొప్పి వచ్చినా రేకీ గెలుపే, రాకపోయినా గెలుపే, పనిచెయ్యకపోతే తప్పు మాత్రం మంచం మీదున్నవాళ్లది. ఒంట్లో బాగోలేక వచ్చిన మనిషి నెత్తిన ఇంకో నేరం మోపి పంపడం హీలింగ్ ఎలా అవుతుంది? మనసు తెరిచి పెట్టుకోమనడం మంచి సలహా. ఫలితం రానప్పుడు దాన్ని సాకుగా వాడితేనే చిక్కు.

ఇక అనుమతి. గొంతు మీద చెయ్యి చాలామందికి ఊపిరాడనట్టు ఉంటుంది, కాబట్టి అక్కడ ఆనించకుండా ఎడంగా పెడతాను. ఛాతీ దగ్గరా అంతే. ఎక్కడ వద్దో ముందే అడుగుతాను, మధ్యలో చెయ్యెత్తితే ఆపేస్తాను. సెకండ్ డిగ్రీలో నేర్పే డిస్టెన్స్ హీలింగ్‌కి, అంటే దూరం నుంచే శక్తి పంపడానికి కూడా ఇదే వర్తిస్తుంది. "నీకు తెలియకుండా పంపాను" అని ప్రేమగా చెప్పేవాళ్లుంటారు. ఎవరి కోసమైనా ప్రార్థించుకోవడం మన ఇష్టం. పంపాను, అందుకే తగ్గింది అని తర్వాత వాళ్లకి లెక్క చెప్పడం వేరు.

డబ్బు గురించి రేకీ లోకంలో పెద్ద గొడవే ఉంది. రేకీని హవాయికి తెచ్చిన హవాయో తకాటా మాస్టర్ స్థాయికి (ఇతరులకి నేర్పే అర్హతకి) 10,000 డాలర్లు తీసుకునేవారు. ఊరికే వచ్చినదానికి విలువ ఉండదన్న వాదన ఇప్పటికీ వినిపిస్తుంది. గంటసేపు మనకి కేటాయించిన మనిషికి ఆ గంట విలువ ఇవ్వడం న్యాయమే. పది సెషన్లకి ముందే కట్టమంటే మాత్రం నేను కట్టను.

కొత్తవాళ్ల దగ్గరికి వెళ్లేముందు ఫోన్లోనే ఒక మాట అడుగుతాను: "నేను వాడే మందుల సంగతి ఏం చెయ్యాలి?" "మీ డాక్టర్ చెప్పినట్టే వాడండి, వాటితో నాకు పనిలేదు" అంటే అపాయింట్‌మెంట్ తీసుకుంటాను. "కొన్నాళ్లు ఆపి చూడండి" అన్నా, "నెమ్మదిగా అవసరం ఉండదులెండి" అని నవ్వినా థాంక్స్ చెప్పి పెట్టేస్తాను.