ఒకే రంగు, నాలుగు గోడలు: భీమిలి ఇంటికి ఏడేళ్ళ తర్వాత

భీమిలిలో మా ఇల్లు సముద్రానికి కిలోమీటరు లోపే. నాన్న 1996లో డాబా కట్టించారు, 2006లో పైన ఇంకో అంతస్తు లేచింది. బయటి గోడలన్నీ ఇటుక మీద సిమెంటు గిలాబా, స్పంజితో రుద్దిన గరుకు ఫినిషింగు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు వాన అడ్డంగా గోడలకేసి కొట్టింది. ఆ దెబ్బకి నీళ్ళు తాగిన గోడల మీద పాత రంగు ముందు బుడగలు లేచింది, తర్వాత పెచ్చులు కట్టింది. 2018 సంక్రాంతి వెళ్ళాక అదంతా గీకించి, ఖరీదైన రకం ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ (బయటి గోడలకి వేసే, నీళ్ళలో కలిపే రంగు) రెండు పూతలు వేయించాను. డబ్బా మీద ఏడేళ్ళ గారంటీ అని ఉంది. ఆ ఏడేళ్ళూ నిండాయి గనక ఎలా ఉందో ఇప్పుడు చెప్పగలను.

కంపెనీ పేరు అడగకండి. అవే డబ్బాల్లోంచి తీసి పూసిన రంగు మా ఇంటి నాలుగు గోడల మీద నాలుగు రకాలుగా నిలిచింది. మార్కులు వేయాల్సి వస్తే డబ్బాకి కాదు, గోడగోడకీ విడిగా వేయాలి.

ముందు గీకుడు సంగతి. పని మొత్తం 19 రోజులు పట్టింది, అందులో రంగు ముట్టుకున్నవి 8 రోజులే. మిగతా 11 రోజులూ గీకడం, కడగడం, ఆరబెట్టడం, పగుళ్ళు పూడ్చడం. పెయింటింగ్ మేస్త్రీకి ఇది బొత్తిగా నచ్చలేదు. "ఏం కాదు బాబూ, రెండు పూతలు పడితే అన్నీ కప్పబడిపోతాయి" అనేవాడు. గోడ మీద అరచెయ్యి రాసి చూపించాను. సున్నం అంటినట్టు తెల్లగా పొడి వచ్చింది. ఆ పొడి మీద ఎంత ఖరీదైన రంగు వేసినా అది పొడినే పట్టుకుంటుంది, గోడని కాదు. ఆ మాటకి మాత్రం ఒప్పుకున్నాడు.

కడగడానికి ప్రెషర్ మిషను అద్దెకి తెచ్చాం. మొదటి గంటలోనే ఒక తప్పు జరిగింది. కుర్రాడు గొట్టాన్ని గోడకి మరీ దగ్గరగా పెట్టేసరికి గిలాబాలోంచి ఇసుక రాలిపోయి చారలు పడ్డాయి. రెండు అడుగుల దూరం పెట్టిస్తే సరిపోయింది. ఉత్తరపు గోడకి వేపచెట్టు నీడ, అక్కడ నల్లగా పాచి పట్టి ఉండేది. బ్లీచింగ్ పౌడరు నీళ్ళు బ్రష్షుతో రాయించి, అరగంట ఆగి, మంచినీళ్ళతో శుభ్రంగా కడిగించాను. (దాన్ని బాత్‌రూమ్ యాసిడ్‌తో మాత్రం కలపకండి, విషవాయువు వస్తుంది.) కిందివైపు తెల్లగా ఉప్పు పూసిన చోట్ల నీళ్ళు పోయనివ్వలేదు. పొడి బ్రష్షుతో రాల్చి, నాలుగు రోజులాగి మళ్ళీ రాల్చాం. నీళ్ళు పోస్తే ఆ ఉప్పు కరిగి గోడలోకే పోతుంది, ఎండగానే మళ్ళీ పూస్తుంది.

గోడ ఆరిందో లేదో తెలుసుకోడానికి జానెడు ప్లాస్టిక్ కాగితం నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రాత్రి వదిలేశాను. పొద్దున్న లోపలి వైపు చెమ్మ కనిపిస్తే ఆ గోడ ఆ రోజుకి లేనట్టే. మేస్త్రీ నవ్వాడు గానీ, రెండోరోజు నుంచి తనే వెళ్ళి చూసి చెప్పేవాడు.

మా సముద్రపు ఊళ్ళలో అసలు సమస్య సన్‌షేడ్లు. గోడ రంగు గురించి చదివేవాళ్ళు దీన్ని దాటేస్తారు. ఉప్పుగాలికి లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, కింది కాంక్రీటుని పెచ్చులుగా తోసేస్తుంది. మా తూర్పు వైపు నాలుగు సన్‌షేడ్లకి అలాగే అయింది. దాని మీద లప్పం పెట్టి రంగు వేస్తే ఏడాది నిలుస్తుంది, తర్వాత పెచ్చు ఎవరి నెత్తిన పడుతుందో తెలీదు. వదులుగా ఉన్నదంతా కొట్టించి, ఇనుముకి వైరు బ్రష్షు పెట్టి తుప్పు తీయించి, తుప్పు నిరోధకం పూయించి, పాలిమర్ కలిపిన సిమెంటు మాలుతో పూడ్పించాను. ఇది పెయింటర్ల పని కాదు, తాపీ మేస్త్రీ పని. రెండు కూలీలు వేరు, రెండు గొడవలు వేరు. ఆ తాపీ మేస్త్రీ ముసలాయన. మేం అడక్కుండానే ఇంకో పని చేశాడు. సన్‌షేడ్ అంచు కింద నీటిబొట్టు వెనక్కి పాకకుండా సిమెంటుతో చిన్న ముక్కు తీశాడు. వాన నీళ్ళు అక్కడే తెగి కింద పడతాయి. ఈ ఏడేళ్ళలో ఆ నాలుగు కిటికీల మీద ఒక్క నల్ల చార లేదు. ముక్కు తీయించని దక్షిణం వైపు కిటికీల మీద మూడు చారలేసి ఉన్నాయి. మొత్తం ఖర్చులో నాకు బాగా గిట్టుబాటైంది ఆ ముసలాయన అరపూట కూలీయే.

పగుళ్ళ విషయం తొందరగా చెప్పేస్తాను. వెంట్రుకవాసి పగుళ్ళని ప్రైమరు (రంగుకి ముందు వేసే అడుగు పూత), రంగు కలిసి కప్పేశాయి. బీముకీ ఇటుక గోడకీ మధ్య పొడుగ్గా వచ్చిన పగులుని గాడి కొట్టి, పేస్టు నింపి, పైన ఫైబర్ జాలీ అంటించి పూడ్చాం. జాలీ వేసిన చోట ఇప్పటికీ రాలేదు, వేయని చోట రెండో వేసవికే తిరిగొచ్చింది. లోపలి గదులకి వాడే లప్పం బయట పెట్టనివ్వకండి. వానకి మెత్తబడి రంగుతో సహా ఊడుతుంది.

జనవరిలో పొద్దున్నే మంచు, సాయంత్రం నాలుగు దాటితే సముద్రపు తేమ. అందుకని తొమ్మిదిన్నరకి మొదలుపెట్టి నాలుగింటికి బ్రష్షులు కడిగేసేవాళ్ళు. మేస్త్రీ లెక్క ప్రకారం 2,600 చదరపు అడుగులకి 45 లీటర్లు చాలు. స్పంజి ఫినిషింగు గోడ రంగు తాగుతుందని అతను లెక్క వేయలేదు. 62 లీటర్లు పట్టింది. మధ్యలో ఇంకో 20 లీటర్ల బక్కెట్ కొనాల్సి వచ్చింది, దాని బ్యాచ్ నంబరు వేరు, అంటే ఛాయ కాస్త తేడా రావచ్చు. పాతదీ కొత్తదీ పెద్ద డ్రమ్ములో కలిపాకే వాడమన్నాను. కలపకుండా వేసుంటే గోడ మధ్యలో అతుకు కనిపించేది.

అన్నిటికీ పక్కనే ఉండి చూసుకున్నానని గొప్పగా చెప్పుకోను. ఒక్కరోజు ఆఫీసు ఆడిట్‌కని విశాఖ వెళ్ళాను. సరిగ్గా ఆ రోజే పెరటి వైపు, అంటే పడమటి గోడకి వేస్తుండగా ప్రైమరు డబ్బా ఖాళీ అయింది. పరంజాకి కట్టిన సర్వీ కర్రలు పక్కవీధిలో వేరే ఇంటికి పోవాలి. దాంతో కింద ఆరడుగుల దాకా ప్రైమరు కొట్టి, పైన నేరుగా రంగు వేసేశారు. నాకు తెలీదు. మూడో ఏడు వేసవిలో తెలిసింది. గోడకి అడ్డంగా గీత గీసినట్టు, కింద రంగు నిగనిగలాడుతోంది, పైన వెలిసిపోయి పొడి రాలుతోంది. ఐదో ఏటికి పై భాగం పెచ్చులు కట్టింది. ప్రైమరు దండగ అనే చుట్టాలకి నేను మాటలతో జవాబు చెప్పడం మానేశాను. పెరట్లోకి తీసుకెళ్ళి గీత చూపిస్తాను.

గారంటీ అడగొచ్చు కదా అంటారు. దుకాణానికి వెళ్ళాను. కాగితంలో చిన్న అక్షరాలు చదివితే ప్రైమరుతో సహా వాళ్ళు చెప్పిన పద్ధతంతా పాటించాలి, బిల్లులుండాలి, చెమ్మ వల్ల, గోడ పగుళ్ళ వల్ల పోతే వర్తించదు. గోడకి ప్రైమరే లేనప్పుడు ఏం మొహం పెట్టుకుని అడుగుతాను?

రంగుల సంగతికొస్తే, గోడలకి లేత గోధుమ ఛాయ, పిట్టగోడ పట్టీకి అమ్మ కోరిన నారింజ. దుకాణం అతను ముందే అన్నాడు, "ఇలాంటి మెరిసే రంగులు ఎండకి ఆగవమ్మా" అని. అమ్మ వినలేదు. దక్షిణం వైపు ఎండకి నారింజ రెండేళ్ళలో చప్పబడి, కడిగిన గులాబీ రంగు లంగాలా తయారైంది. గోధుమ రంగు మాత్రం కాస్త పాలిపోయిందంతే. పసుపు మట్టి, ఎర్ర మట్టి లాంటి ఖనిజపు వర్ణకాలతో చేసిన రంగులు ఎండని బాగా ఓర్చుకుంటాయి. నాలుగో ఏట అదే రంగు కోడ్‌తో లీటరు డబ్బా తెచ్చి ఏసీ పైపు దగ్గర అతుకు వేశాను. వీధిలోంచి చూసినా తెలిసిపోతోంది. కోడ్ అదే, కానీ గోడ నాలుగేళ్ళు ఎండలో ఉంది కదా. అతుకు వేసేకంటే మూల నుంచి మూల దాకా ఒక గోడ మొత్తం వేయించుకోవడం నయం.

నేను బాగా భయపడిన తూర్పు గోడ, సముద్రం వైపుది, అన్నిటికంటే బాగుంది. ఉత్తరం గోడ మీద రంగు గట్టిగానే ఉంది గానీ మూడేళ్ళకోసారి పాచి వస్తుంది. కడిగితే పోతుంది. వేపకొమ్మలు కొట్టిస్తే ఇంకా తగ్గుతుంది, అమ్మ ఒప్పుకోదు.

మిగిలిన ఎనిమిది లీటర్లతో చేసిన తెలివితక్కువ పని ఒకటుంది. రెండు వీధుల అవతల పెద్దమ్మ వాళ్ళ పెంకుటిల్లు. గానుగ సున్నంతో కట్టిన పాత గోడలు. రంగు పారేయడమెందుకని ముందు గోడకి వేయించాను. మొదటి వానాకాలం దాటేసరికి అరచేతులంత బుడగలు. నేల నుంచి చెమ్మ సున్నం గోడలోకి ఎక్కి, పైనుంచి ఆవిరై పోతుంటుంది. ఈ ప్లాస్టిక్ లాంటి పొర దానికి దారి మూసేసింది. బుడగ చిల్లు పొడిస్తే లోపల గిలాబా తడి పిండిలా ఉంది. అదంతా గీకించి, ఎండనిచ్చి, మామూలు సున్నమే వేయించింది పెద్దమ్మ. ఏటా సంక్రాంతికి వెల్ల వేసుకుంటుంది. నన్ను చూసినప్పుడల్లా "ఖరీదైన రంగు మిగిలిందేట్రా?" అంటుంది.

వచ్చే సంక్రాంతి తర్వాత పడమటి గోడ ఒక్కటే మళ్ళీ వేయిస్తున్నాను. సర్వీ కర్రలు ఇప్పుడే మాట్లాడేశాను. ఆ వారం ఆఫీసుకి సెలవు పెట్టాను.