స్ప్రింగు ఎయిర్ రైఫిల్‌కు స్టాప్ పిన్ ఉన్న సింగిల్ పీస్ మౌంట్: వాడిన తర్వాత నా సమీక్ష

స్ప్రింగు ఎయిర్ రైఫిల్‌కు స్కోప్ బిగించుకున్నవారిలో చాలామంది, గురి కుదరనప్పుడు ముందుగా స్కోప్‌ను తప్పుపడతారు. తర్వాత పెల్లెట్లు మార్చి చూస్తారు. స్కోప్‌ను రైఫిల్‌కు పట్టి ఉంచుతూ అన్ని దెబ్బలూ తాను తినే మౌంట్‌ను మాత్రం ఎవరూ పట్టించుకోరు. నా .177 (4.5 మిల్లీమీటర్ల బోరు) బ్రేక్ బ్యారెల్ రైఫిల్‌పై, అంటే బ్యారెల్‌ను వంచి స్ప్రింగు ఎక్కించే రకంపై, కొన్ని నెలలుగా వాడుతున్న మౌంట్ గురించి ఈ సమీక్ష. ఇది వెనకవైపు జారకుండా ఆపే స్టాప్ పిన్ ఉండి, 20 ఎంఓఏ (ఒక ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) వాలుతో తయారైన సింగిల్ పీస్ మౌంట్. ఈ రకం మౌంట్లు మన మార్కెట్లో రకరకాల పేర్లతో దొరుకుతాయి కనుక నేను చెప్పేది ఒక కంపెనీ గురించి కాదు, ఈ నిర్మాణం గురించి. 2016 నాటి ఆయుధ నిబంధనల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌళ్ల శక్తి దాటని ఎయిర్ రైఫిళ్లకు లైసెన్సు అక్కరలేదు. నా రైఫిల్ ఆ పరిధిలోదే, దానితో కాగితపు లక్ష్యాలనే కొడతాను.

ఇంత చిన్న తుపాకీకి గట్టి మౌంట్ ఎందుకనే సందేహం రావచ్చు. స్ప్రింగు రైఫిల్ రెండు దిక్కులకూ తన్నుతుంది. ట్రిగ్గర్ నొక్కగానే బరువైన పిస్టన్ ముందుకు దూకుతుంది, దాంతో రైఫిల్ వెనక్కి జరుగుతుంది. పిస్టన్ సిలిండర్ చివర నలిగిన గాలిని ఢీకొని ఆగినప్పుడు రైఫిల్ ఒక్కసారిగా ముందుకు కుదుపుకుంటుంది. ఆ రెండో కుదుపులో రైఫిల్ ముందుకు పోతే స్కోప్ తన బరువుతో ఉన్నచోటే ఉండిపోజూస్తుంది, అందుకే మౌంట్ రైలుపై, అంటే రైఫిల్ పైన అది కూర్చునే గాడుల పట్టీపై, వెనక్కి జారుతుంది. భారీ వేట రైఫిల్ దెబ్బకు తట్టుకున్న స్కోప్ కూడా దీనిపై చెడిపోయే అవకాశం ఉండటానికి ఈ ముందుకు కుదుపే కారణం.

రైఫిల్‌తో పాటు పెట్టెలో వచ్చిన విడి రింగులు సరిగ్గా ఇలాగే జారేవి. దుకాణంలో బిగించి ఇచ్చినవారు వెనక రింగును రైలుపై ఉన్న పిన్ రంధ్రానికి దూరంగా పెట్టి, స్క్రూలను బలంగా తిప్పి వదిలేశారు. వెనక రింగు అంచున రైలుపై పెన్సిల్‌తో సన్నని గీత గీసి ఒక డబ్బా పెల్లెట్లు కాల్చిన తర్వాత చూస్తే, రింగు ఆ గీతను దాటి వెనక్కి వచ్చింది. దాని ముందు భాగంలో నల్లపూత పోయి, లోహం సన్నని మెరుపు చారలా బయటపడింది. గ్రూపు (ఒకే గురితో కాల్చిన దెబ్బల గుంపు) మెల్లగా కిందికో పక్కకో జరుగుతోందని అనిపించిన ప్రతివారూ చేయవలసిన మొదటి పరీక్ష ఈ పెన్సిల్ గీతే. ఆ వెంటనే కర్ర బాడీని సిలిండర్‌కు పట్టే స్క్రూలను కూడా చూడాలి. అవి వదులైతే ఏ మౌంట్ పెట్టినా ఫలితం ఉండదు.

ఇప్పుడు వాడుతున్న మౌంట్‌లో వెనక అడుగున ఉన్న పిన్‌ను అలెన్ కీతో దించితే రైలు రంధ్రంలో కూర్చుంటుంది. పిన్ రంధ్రపు వెనక అంచుకు ఆనేలా మౌంట్‌ను వెనక్కి లాగి పట్టుకుని, అప్పుడే పక్క స్క్రూలు బిగించాలి. ఇది ముఖ్యం. పిన్‌కూ అంచుకూ మధ్య ఖాళీ మిగిలితే మౌంట్ ఆ ఖాళీ మేరకు జారి ఆగుతుంది, మొదటి రోజు కుదిర్చిన గురి మర్నాటికి ఉండదు. బిగించే ముందు రైలునూ మౌంట్ దవడలనూ స్పిరిట్‌తో తుడిచి నూనె జిడ్డు లేకుండా చేసుకోవాలి. పెన్సిల్ గీత పెట్టి చూస్తూనే ఉన్నాను. ఇంతవరకు మౌంట్ కదలలేదు.

నాకు అన్నిటికంటే మేలు చేసింది 20 ఎంఓఏ వాలు. బ్రేక్ బ్యారెల్ రైఫిళ్లలో చాలావాటికి బ్యారెల్ రైలుతో సమాంతరంగా కాక కొద్దిగా కిందికి వాలి ఉంటుంది. నా రైఫిల్‌లో ఆ వాలు ఎక్కువ, 25 మీటర్ల వద్ద పెల్లెట్లు గురికి దాదాపు 15 సెంటీమీటర్లు కిందపడేవి. పావు ఎంఓఏ స్కోప్‌లో టరెట్‌ను (గురిని సరిచేసే బుడిపెను) ఒక క్లిక్కు తిప్పితే గురి ఆ దూరంలో సుమారు 1.8 మిల్లీమీటర్లే కదులుతుంది, అంటే 80కి పైగా క్లిక్కులు పైకి తిప్పాలి. అలా తిప్పుకుంటూ పోతే గురిని పైకీ కిందికీ జరిపే ఎలివేషన్ టరెట్ తన చివరి అంచుకు చేరుతుంది, లోపల గొట్టాన్ని నొక్కిపట్టే స్ప్రింగు వదులవుతుంది, ప్రతి షాట్ కుదుపుకూ క్రాస్‌హెయిర్ (స్కోప్‌లో కనబడే గురి గీతలు) ఎక్కడ నిలుస్తుందో చెప్పలేని స్థితి వస్తుంది. స్కోప్ చెడిపోయిందని అందరూ అనుకునేది ఇక్కడే. ఈ మౌంట్ వెనక భాగం 100 మిల్లీమీటర్ల పొడవుకు 0.58 మిల్లీమీటర్ల మేర ఎత్తు. కంటికి కనబడని ఆ తేడా 25 మీటర్ల వద్ద గురిని 14.5 సెంటీమీటర్లు పైకి తెచ్చింది, టరెట్ మళ్లీ తన మధ్యభాగంలో పనిచేయసాగింది. ఇదే పనికి కొందరు వెనక రింగులో ఫిల్మ్ ముక్కలో, ప్లాస్టిక్ పట్టీలో పెడతారు. పలుచటి ముక్కతో సరిపోతే పరవాలేదు కానీ, ఇంత వాలును అలా సరిచేయబోతే రెండు రింగులూ ఒకే రేఖలో ఉండక స్కోప్ గొట్టం వంగుతుంది. మంచి స్కోప్‌ను అలా పాడుచేసుకోవద్దని నా మనవి.

ఇక లోపాలు. మౌంట్‌ను తిప్పి పెడితే వాలు రెట్టింపయి గురి ఇంకా కిందికి పోతుంది, అయినా ముందు వెనకలు తెలిపే గుర్తు దీనిపై లేదు. పిన్ ఉన్న వైపే వెనక అని కొనేవారే గుర్తుంచుకోవాలి. దీనితో ఇచ్చిన అలెన్ కీ మెత్తటి లోహంతో చేసినది, రింగు స్క్రూలు గట్టిపడే సమయానికే దాని మూలలు అరిగాయి. రింగు స్క్రూలకు సుమారు 1.7 నుంచి 2 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. టార్క్ డ్రైవర్ ఉంటే మంచిది, లేనివారు ఎదురెదురు మూలల్లో కొంచెం కొంచెంగా బిగిస్తూ, మూతకు రెండు పక్కలా సందు సమానంగా ఉండేలా చూసుకోవాలి.

క్రాస్‌హెయిర్‌ను నిటారుగా నిలపడంలో మాత్రం ఏ మౌంటూ సాయం చేయదు. రైఫిల్‌ను రసమట్టంతో సమంగా పెట్టి, మేస్త్రీలు గోడకు వాడే తూకపు గుండును దూరంగా వేలాడదీసి, ఆ దారానికి నిలువు గీత కలిసేదాకా స్కోప్‌ను తిప్పుకున్నాకే రింగులు బిగించాలి. ఇది తప్పితే 25 మీటర్లకు కుదిర్చిన గురి 10 మీటర్ల వద్ద ఒక పక్కకూ, 40 మీటర్ల వద్ద దానికి ఎదురు పక్కకూ తప్పుతుంది. దగ్గరా దూరమూ గ్రూపులు ఇలా చెరో వైపుకు పోతుంటే గాలిని తప్పుపట్టే ముందు ఈ నిటారును చూసుకోవాలి. మనవైపు శిక్షణ కేంద్రాల్లో ఈ సంగతులు అంతగా వినబడకపోవడానికి కారణం ఉంది. మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో స్కోప్ వాడరు, రంధ్రంలోంచి చూసే పీప్ సైట్లే వాడతారు.

బిగించడం పూర్తయ్యాక స్కోప్‌కు కూడా ఒక పరీక్ష పెట్టాలి. ఒకే చోటికి గురిపెడుతూ, ముందు ఒక గ్రూపు కాల్చి, తర్వాత 40 క్లిక్కులు పైకి, 40 కుడికి, 40 కిందికి, 40 ఎడమకు తిప్పి ప్రతిచోటా ఒక గ్రూపు కాల్చితే 25 మీటర్ల వద్ద ఏడు సెంటీమీటర్ల చదరం ఏర్పడి, చివరి గ్రూపు మొదటి దానిపైకే రావాలి. మౌంట్ కదలకపోయినా అలా రాకపోతే అప్పుడు తప్పు స్కోప్‌దే. నా స్కోప్ ఈ పరీక్షలో నెగ్గింది. పాత రింగులతో ఉన్నప్పుడు దీన్ని మార్చేయమని నాకు సలహా ఇచ్చినవారు తక్కువమంది కాదు.

బ్రేక్ బ్యారెల్ వాడేవారికి, ముఖ్యంగా పెల్లెట్లు ఎప్పుడూ కిందికే పడుతున్నాయని బాధపడేవారికి, ఈ మౌంట్‌ను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. ముందే నింపిన అధిక పీడన గాలితో పనిచేసే, కుదుపు పెద్దగా ఉండని పీసీపీ రైఫిళ్లకు ఇంత ఖర్చు అనవసరం, మామూలు రింగులే చాలు. కొనే ముందు మీ రైలు వెడల్పును వెర్నియర్‌తో కొలవండి. 11 మిల్లీమీటర్లని అమ్మే డవ్‌టెయిల్ (అంచులు లోపలికి వాలిన) రైళ్లు అన్నీ ఒకే వెడల్పులో ఉండవు. పిన్ రంధ్రం లేని రైలైతే ఈ మౌంట్‌కు పెట్టే డబ్బు వృథా.