గాలి కయాక్‌తో మూడేళ్లు: నాలుక చేప కోసం ఒంటరిగా

గాలి కొట్టి తెడ్డుతో నడిపే ఈ చిన్న పడవని 2022 సెప్టెంబర్‌లో కొన్నాను, 14 వేల చిల్లర అయింది. ఇప్పుడు దాని ఒంటి మీద మూడు పంక్చర్ అతుకులున్నాయి. పంపు రెండోది. సీటు పట్టీ తెగితే చెప్పులు కుట్టే ఆయన దగ్గర కుట్టించాను. అయినా తేలుతోంది. కంపెనీ పేరు రాయను. గాలి కొట్టుకునే రకాలన్నీ ఇంచుమించు ఇలాగే ఉంటాయి.

తిరుపతిలో ఉండేవాడికి పడవెందుకని ముందు అడిగింది మా ఇంట్లోవాళ్లే. మాది రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. పది పన్నెండడుగుల గట్టి ప్లాస్టిక్ కయాక్‌ని మెట్ల మీద మోసుకెళ్లడం అయ్యే పని కాదు. ఇదైతే మడిస్తే పెద్ద సూట్‌కేసంత, డిక్కీలో పడుతుంది. తెల్లవారుజామున మూడింటికి బయల్దేరి శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా వాకాడు వైపు తిరిగితే, వెలుగు వచ్చేసరికి తూపిలిపాలెం దగ్గర ఉప్పుటేటి ఒడ్డున ఉంటాను. గాలి కొట్టడానికి పావుగంట. ఇంకా దక్షిణాన పులికాట్ వైపు మాత్రం పోను. అది పక్షుల అభయారణ్యం, ఆ పక్కనే శ్రీహరికోట.

నేను వెళ్లేది నాలుక చేప కోసం. ఇంగ్లిష్‌లో ఫ్లౌండర్ అంటారే, ఆ జాతి. పుట్టినప్పుడు మామూలు చేపలాగే అటో కన్ను, ఇటో కన్ను ఉంటాయి. పెరిగేకొద్దీ ఒక కన్ను తల మీదుగా రెండో పక్కకి జరిగిపోతుంది. ఇక బతుకంతా ఇసకలో ఒక పక్కకి పడుకునే. మార్కెట్లో కనిపించే సన్నటి పొడుగు రకానికి నోరు చిన్నది, గాలానికి అరుదుగా పడుతుంది. నాకు పడేది కాస్త వెడల్పుగా, పళ్లతో ఉండే రకం. కదలకుండా పడుకుని, ఎదురుగా వచ్చిన రొయ్యనో చేపపిల్లనో లటుక్కున అందుకుంటుంది. అందుకని ఎరే దాని ముందునుంచి నెమ్మదిగా ఇసకని రాసుకుంటూ పోవాలి.

ఈ కయాక్‌లో పెద్ద లోపం ఇక్కడే పనికొస్తుంది. నీటి మీద బాగా పైకి తేలుతుంది కాబట్టి చిన్న గాలికే కొట్టుకుపోతుంది. తిన్నగా తెడ్డు వేయాలంటే విసుగొస్తుంది. కానీ చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ బకెట్‌ని ముందు కొనకి తాడుతో కట్టి నీళ్లలో వదిలితే, పడవ ముసలాయన నడకలాగా జరుగుతుంది. వెనకాల ఎర కూడా అదే వేగంతో ఈడ్చుకుంటూ వస్తుంది. చేప పట్టుకోగానే గాలం లాగకూడదు. ముందు ఒక బరువు తగులుతుంది, తడిగుడ్డ చిక్కుకున్నట్టు. నాలుగంకెలు లెక్కపెట్టి అప్పుడు లాగాలి. ఇది తెలియక మొదటి ఏడాది అన్నీ పోగొట్టుకున్నాను.

ఎండ సంగతి. తెల్లారి చల్లగా ఉన్నప్పుడు నిండుగా కొడితే, తొమ్మిదయ్యేసరికి లోపలి గాలి వ్యాకోచించి పక్కలు డోలులా బిగుస్తాయి. ఒడ్డున ఎండలో వదిలేస్తే కుట్లు లేచిపోతాయి. కాస్త గాలి తీసి నీడలో పెట్టాలి. ఇంటికొచ్చాక మేడ మీద మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే మడవాలి. ఒకసారి బద్ధకించి తడిగా మడిచాను. వారం తర్వాత విప్పితే చేపల సంత వాసన, పైగా బూజు.

మూడు అతుకుల్లో ఒకటి ఆల్చిప్ప చేసింది, రెండు జెల్లలు చేశాయి. జెల్ల ముల్లు ఈ ప్లాస్టిక్‌లోకి వెన్నలోకి దిగినట్టు దిగుతుంది. పడిన చేపని కాళ్ల మధ్య వేసుకునే అలవాటు అప్పుడే మానేశాను. ఇప్పుడు వల, మూత ఉన్న బకెట్, ముల్లు విరవడానికి పకడు. పడవలో విడివిడి గాలి గదులు మూడు కాబట్టి ఒకటి పోయినా మునగదు. కానీ ఒరిగిపోయిన పడవలో ఒడ్డుకి చేరడం ఎంత టెన్షనో నాకు తెలుసు.

ఇక శరదృతువు ప్లానింగ్. అమెరికా వాళ్ల వీడియోలు చూసి ఆ కాలమే మంచిదనుకున్నాను. అక్కడ చలి మొదలవగానే ఈ చేపలు ఉప్పుటేళ్లలోంచి సముద్రంలోకి బయల్దేరతాయట, దారిలో కాపు కాస్తారు. మనకి అదే తుఫానుల కాలం. 2022 డిసెంబర్‌లో మాండూస్, 2023 డిసెంబర్‌లో మిచాంగ్. రెండుసార్లూ సరంజామా అంతా సర్దుకుని ఇంట్లో కూర్చున్నాను. వాన తగ్గాక కూడా ఎర్రనీళ్లు దిగినన్నాళ్లు నా గాలానికి ఏమీ తగల్లేదు. ఇప్పుడు నేను చూసుకునేది సెప్టెంబర్ చివరినుంచి ఈశాన్య వానలు పడేవరకు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్ల అలల, గాలి అంచనా ముందురోజు రాత్రి చూస్తాను. మత్స్యకారులని వెళ్లొద్దన్న రోజు నేనూ వెళ్లను.

అంతకన్నా ముఖ్యం పోటు, పాటు, అంటే సముద్రపు నీళ్లు ఎక్కడం, దిగడం. 2023 అక్టోబర్‌లో అమావాస్య మర్నాడు పాటు వేళ దిగాను. పొద్దున్నే పడమటి గాలి నేల మీదనుంచి సముద్రం వైపు వీస్తుంది. నీళ్లూ అటే, గాలీ అటే. తల ఎత్తి చూస్తే ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర తెల్లటి నురగ కనిపిస్తోంది. అరగంట తెడ్డు వేసినా ఒడ్డున ఉన్న అదే తాటిచెట్టు పక్కనే ఉన్నాను. ఫైబర్ పడవలో వస్తున్న ఒక పెద్దాయన తాడు విసిరాడు. "ఏంది సామీ, ఈ బుడగేసుకోని కడల్లోకి పోతావా?" అన్నాడు. ఒడ్డుకొచ్చాక డబ్బులిస్తే తీసుకోలేదు, నా రొయ్యల డబ్బా మాత్రం తీసుకున్నాడు. అప్పటినుంచి పోటు మొదలయ్యే వేళకే దిగుతున్నాను. అప్పుడు చెయ్యి జారినా నీళ్లు లోపలికే తోస్తాయి. పోటు వేళ రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి, సెలవు దొరికిన ఆదివారమల్లా కుదరదు. అమావాస్య, పున్నమికి లాగుడు ఎక్కువ, అష్టమి చుట్టూ మెత్తన. మా ఆవిడ పంచాంగం తీస్తే ముహూర్తానికనుకుంటారు.

ఒంటరిగా వెళ్తే లైఫ్ జాకెట్ ఒంటిమీదే ఉండాలి, పడవలో కాదు. మెడలో విజిల్, తెడ్డుకి తాడు, ఫోన్‌కి నీళ్లు పట్టని సంచి. ఎక్కడ దిగుతున్నానో, ఎన్నింటికి పైకొస్తానో ఇంట్లో మెసేజ్ పెడతాను. పది దాటితే సముద్రపు గాలి లేస్తుంది, ఆలోపే బయటికి.

మూడేళ్లలో 31 సార్లు వెళ్తే తొమ్మిది నాలుక చేపలు. లెక్కేస్తే మార్కెట్లో కొనుక్కోవడమే చవక. ఉప్పుటేటికి, కాలువకి ఐదుకి నాలుగు మార్కులిస్తాను. అలల సముద్రంలోకి దింపుతానంటే సున్నా. ఈత రానివాళ్లు కొనకండి. ఈ ఏడాదికి మూడో గది వాల్వ్ కారుతోంది, దాన్ని మార్చాలి.