విచ్ఛిత్తి అనుకరణ: సగటు నమూనానా, ఘటనల నమూనానా?

కాలిఫోర్నియం-252 అనే రేడియోధార్మిక పదార్థం ఒక్కో స్వయం విచ్ఛిత్తిలో (కేంద్రకం దానంతటదే చీలిపోవడంలో) సగటున 3.76 న్యూట్రాన్లను వెలువరిస్తుంది. దీన్ని కంప్యూటర్‌లో అనుకరించేటప్పుడు సగటునే నమ్ముకునే పాత పద్ధతి ప్రతిసారీ మూడు లేదా నాలుగు న్యూట్రాన్లను పుట్టించి, వాటి శక్తినీ దిశనూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా నిర్ణయిస్తుంది. నిజానికి ఆ సంఖ్య సున్నా నుంచి ఏడెనిమిది వరకూ మారుతుంది. పైగా న్యూట్రాన్లు కేంద్రకం చీలగా ఏర్పడి వేగంగా దూసుకుపోయే శకలాల నుంచి వెలువడతాయి కనుక, రెండు న్యూట్రాన్లు ఒకే దిశలోనో పరస్పరం ఎదురు దిశల్లోనో కనిపించే అవకాశం ఎక్కువ.

లారెన్స్ బర్క్‌లీ, లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలల శాస్త్రవేత్తలు రూపొందించిన ఫ్రేయా (FREYA) అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ ఒక్కో విచ్ఛిత్తినీ శక్తి, ద్రవ్యవేగ నిత్యత్వాలను పాటిస్తూ విడిగా నిర్మిస్తుంది గనుక న్యూట్రాన్ల మధ్య ఈ సంబంధాలు దానిలో సహజంగానే నిలుస్తాయి.

ఒకే డిటెక్టర్ సామర్థ్యాన్నో, కవచం మందాన్నో లెక్కించడానికి సగటు పద్ధతి చాలు. అది వేగవంతం కూడా. న్యూట్రాన్లను పసిగట్టే హీలియం-3 గొట్టాలను పాలిథిలీన్‌లో అమర్చినప్పుడు, న్యూట్రాన్లు ఆ ప్లాస్టిక్‌లో నెమ్మదించి దిశను మరచిపోతాయి, కాబట్టి అక్కడ ఎన్నెన్ని న్యూట్రాన్లు ఎంత తరచుగా వెలువడతాయన్న లెక్క ఒక్కటి సరిగ్గా ఉంటే సరిపోతుంది. న్యూట్రాన్ తగిలితే మెరిసే ద్రవ సింటిలేటర్లను చుట్టూ పేర్చి, ఏకకాలంలో తగిలే న్యూట్రాన్లను లెక్కించే పరికరానికి మాత్రం నేను నిస్సందేహంగా ఫ్రేయానే ఎంచుకుంటాను.